ఒకటి చెప్పిన సాక్ష్యం

విరుగ కెపుడు నుండి విశ్వమై నిలిచియు
లెక్కలందుఁ జిక్క లేనివాడు
నరుల గుండెలోన నరసింహుడై యుండి
కరుణ నిలుచుఁ గాత కథకుఁ దోడు.

"రెండో సాక్షి ఒప్పుకోలేదు తాతయ్యా," అంది వకుళ, సంఖ్యలను పరీక్షించే యంత్రం, పరీక్షిణి, దాని పలక మీదినుంచి తల ఎత్తకుండానే.

శఠగోపాచార్యులుగారు కళ్ళు మూసుకుని మూడో పద్యాన్ని మరొకసారి పెదవుల మధ్య నడిపించారు. "'వెన్నెల' తీసివేసి 'వెలుగుల' చేర్చు. గణం చెడదు."

"చేర్చాను. ఇప్పుడు మొదటి సాక్షే కాదంది."

పొద్దు పొడిచినప్పటినుంచి అది నూట ఎనభై ఆరో మార్పు. ఎగువవలస సంఖ్యామంటపంలో చాప మీద కూర్చున్న బిడ్డ తండ్రి, ఒక బడిపంతులు, కాళ్ళు మార్చి కూర్చున్నాడు. పక్కన తల్లి ఒడిలో పదకొండు రోజుల పసివాడు లోకంతో పని లేకుండా నిద్రపోతున్నాడు.

"ఆచార్యులవారూ, ఎలాగూ ఇంత శ్రమ పడుతున్నారు, మావాడికి ఏకంగా పరిపూర్ణ సంఖ్య ఇప్పించండి. మా బావమరిది కొడుకు కంటే ఒక మెట్టు పైన ఉండాలి మరి," అన్నాడు పంతులు.

ఆచార్యులుగారు నవ్వారు. "ఆరు పరిపూర్ణం నాయనా. తాను కాక దాన్ని భాగించేవి ఒకటి, రెండు, మూడు. కూడితే మళ్ళీ ఆరు. ఇరవై ఎనిమిదీ అంతే. భాగాలన్నీ కూడితే తానే అయ్యేది పరిపూర్ణం, తన్ను మించితే అధికం, తనకు చాలకపోతే ఊనం. మనిషికిచ్చే సంఖ్య దేనితోనూ విరగకూడదు కదా! విరగనిదానికి ఒకటి తప్ప వేరే భాగం ఉండదు. కనుక పుట్టిన ప్రతి మనిషీ ఊనసంఖ్యే. మీ బావమరిది కొడుకు కూడాను."

"అమ్మయ్య! వాడూ ఊనమే అన్నారు, అది చాలు," అన్నాడు పంతులు. అతని భార్య మోచేత్తో పొడిచింది.

శాలివాహన శకం రెండువేల నూట తొంభైల నాటి మాట ఇది. కడలి పైకి వచ్చి తీరపు పల్లెలన్నీ కొండలెక్కిన తరువాత, తాళంచెవులూ గుర్తింపు చీటీలూ సంతకాలూ లోకంలోనుంచి వెళ్ళిపోయాయి. ప్రతి మనిషికీ ఒక సంఖ్య. సుమారు రెండువందల స్థానాల సంఖ్య. అంత సంఖ్యను ఎవరు గుర్తుంచుకోగలరు? అందుకని పెద్దలు పాత కటపయాది పద్ధతిని మళ్ళీ బయటికి తీశారు. అందులో ఒక్కొక్క అక్షరానికి ఒక్కొక్క అంకె. నాలుగు ఆటవెలదులు చెప్పి, చివరి అక్షరం నుంచి మొదటి అక్షరానికి అంకెలు పేర్చుకుంటూ వస్తే మనిషి సంఖ్య తయారవుతుంది. మొదటి అక్షరం ఒకట్ల స్థానంలో పడుతుంది. శ్రీకారంతో మొదలుపెడితే అక్కడ రెండు పడి, సరిసంఖ్య వచ్చి విరిగిపోతుంది కనుక, సంఖ్యాకవులు మంగళానికి లోటు రాకుండా 'సిరి' అని మొదలుపెట్టేవారు.

ఇంటి తలుపు ముందు మొదటి పాదం చదివితే చాలు, వాగ్ద్వారం గొంతునూ పద్యాన్నీ పోల్చుకుని తెరుచుకుంటుంది. రైలెక్కాలంటే ఒక పద్యం. ప్రాణంతో ముడిపడిన పనికి నాలుగూ చదవాలి. ఒకనాడు పద్యం చదివే నాలుకే కరువైన నేల మీద ఇప్పుడు ఆకుకూరల మనిషి మొదలు అధికారి దాకా ప్రతి నోటా పద్యమే. ఇది నరసింహుని లీల అని ఆచార్యులుగారి గట్టి నమ్మకం. డెబ్బై ఎనిమిదేళ్ళ వయసులో ఆయనకున్న ఒక్క గర్వం కూడా అదే.

ఇద్దరు పెళ్ళాడితే వారి సంఖ్యలను హెచ్చవేస్తారు. వచ్చిన లబ్ధం ఆ ఇంటి సంఖ్య. పడవ మీద ఐదుగురు కలిసి పనిచేస్తే ఆ ఐదింటి లబ్ధం పడవ సంఖ్య. కాబట్టి 'అభాజ్యం మనిషి, భాజ్యం కూటమి' అన్నది బడిలో పిల్లలు నేర్చుకునే మొదటి మాట. ఒక సంఖ్య అభాజ్యమో కాదో తేల్చడానికి సాక్షులు కావాలి. సాక్షి అంటే మరొక చిన్న సంఖ్య. దాన్ని, పరీక్షలో ఉన్న సంఖ్యకు ఒకటి తక్కువగా అన్నిమార్లు తనతో తాను హెచ్చవేసి, ఆ పెద్ద సంఖ్యతో భాగించాలి. శేషం ఒకటి మిగిలితే సాక్షి ఒప్పుకున్నట్టు, మరేది మిగిలినా సంఖ్య భాజ్యమని తేలినట్టు. ఐదుగురు సాక్షులు చాలునని సంఖ్యాపీఠం నియమం. ఏ ఐదు అన్నది సంఖ్యాకవి ఇష్టం. ఆచార్యులుగారి వంశంలో మాత్రం బిడ్డ పుట్టిన వేళ పంచాంగమే సాక్షి. నక్షత్రం, తిథి, వారం, యోగం, కరణం, ఈ ఐదింటి వరుస అంకెలనే ఆయన పిలిచేవారు.

రెండువందల పన్నెండో మార్పుకు ఐదుగురు సాక్షులూ ఒప్పుకున్నారు. పంతులు కొడుకు మనిషయ్యాడు. వాళ్ళు అక్షింతలు వేయించుకుని వెళుతుండగా గుమ్మం దగ్గర ఒక ఆడమనిషి గొంతు వినిపించింది. పద్యం మొదటి పాదం చదువుతోంది. తలుపు తెరుచుకోలేదు. మళ్ళీ చదివింది. తెరుచుకోలేదు.

"ఎవరో పాపం, తలుపు వినడంలేదు," అంటూ వకుళ లేచి లోపలినుంచి తీసింది.

ముప్పై ఏళ్ళ మనిషి. అలల విద్యుత్ కేంద్రంలో పనిచేసేవాళ్ళ నీలిరంగు చీర. చెప్పులు బయట విడిచి లోపలికి వస్తూనే ఆచార్యులుగారి పాదాలకు దండం పెట్టింది.

"ఆచార్లుగారూ, నాను పైడితల్లినండి. మువ్వలోరి పిల్లని. ఉగాదినాడు పుట్టినాను, అన్నీ ఒకట్లేనని తవరే సెప్పేరంట."

ఆయన ముఖం విప్పారింది. "పైడితల్లివా! నిన్ను మరుస్తానా అమ్మా! 'సిరులు పొంగు పొద్దు చిన్నారి పైడమ్మ...' నా యాభై ఏళ్ళలో ఒక్క మార్పూ లేకుండా మొదటి మాటకే నిలిచిన పద్యాలు నీవొక్కదానివే. ఎందరికి చెప్పుకున్నానో!"

పైడితల్లి ముఖంలో నవ్వు రాలేదు. "ఆ పద్యాలే బాబూ. తలుపులు ఇంటల్లేదండి. నిన్నటేల నుంచి ఒక్కటీ ఇంటల్లేదు."

ఆమె చెప్పిన సంగతి ఇది. మూడేళ్ళ కిందట భర్త అప్పలస్వామి కడలిలో పోయాడు. ఒక్కతే కూతురు, సంపెంగి, ఆరేళ్ళది. పుట్టుకతోనే గుండెలో చిల్లు. రేపు ఉదయం తొమ్మిదికి శస్త్రచికిత్స, ఇంకా ఆగితే పిల్ల దక్కదని వైద్యులు చెప్పారు. అంగీకారం ఇవ్వడానికి నిన్న ఆసుపత్రిలో తన నాలుగు పద్యాలూ చదివింది. ఈ ఏడాది నుంచి ప్రాణాంగీకారానికి సంఖ్యను నలభైమంది సాక్షులతో మళ్ళీ పరీక్షించాలని కొత్త నియమం వచ్చింది. యంత్రం పరీక్షించింది. 'ఈ సంఖ్య భాజ్యం. ఇది కూటమి. సభ్యులందరూ హాజరై అంగీకరించాలి' అన్నది. అప్పటినుంచి ఊళ్ళో ఏ తలుపూ ఆమెను మనిషిగా ఒప్పుకోలేదు.

"నాలోపల ఇంకెవురో ఉన్నారంతంది బాబూ. ఎవురున్నారండి? నాను ఒక్కదాన్నే గదా!"

"అసంభవం," అన్నారు ఆచార్యులుగారు. గొంతులో కోపం కూడా వినిపించింది. "మీ ఆయన పోయినప్పుడు భాగహారం చేశారు కదా? ఇంటి సంఖ్యను అతని సంఖ్యతో భాగిస్తే నీ సంఖ్యే వచ్చింది కదా?"

"వచ్చిందండి. శేషం సున్నా అనీసి అందరికీ సూపించేరు."

"మరి! వకుళా, ఆ పద్యాలు పెట్టు. ఏడును పిలువు."

వకుళ పెట్టింది. పలక మీద శేషం వచ్చింది. ఒకటి కాదు. చాంతాడంత పొడుగు అంకెల వరుస.

"పదకొండు."

అదీ అంతే.

"రెండు," అన్నారాయన. ఈసారి ఆ మాట చాలా మెల్లగా వచ్చింది.

మనుమరాలు పలకను ఆయనవైపు తిప్పింది, అక్కడా ఒకటి లేదు. పాత దస్త్రం తెరిచి, పైడితల్లి నామకరణం నాటి పుట చూస్తోంది. చాలాసేపు చూసి, "తాతయ్యా, సాక్షులుగా మీరు పిలిచింది ఎవరిని?" అంది.

ఆయనకు ఆ రోజు కళ్ళ ముందు నిలబడింది. చైత్ర శుద్ధ పాడ్యమి. తిథి ఒకటి. ఆదివారం. వారం ఒకటి. అశ్విని, నక్షత్రాల్లో మొదటిది. విష్కంభం, యోగాల్లో మొదటిది. బవ, కరణాల్లో మొదటిది. పంచాంగమంతా ఒకట్లే కూడిన పుట్టుక నూరేళ్ళకొకటి రాదని ఊరంతా మంటపానికి విరగబడింది. పదకొండోనాడు నామకరణం. జనాన్ని సర్దేసరికి ముహూర్తం దాటిపోతోంది, పసిదాని తాత తొందరపెడుతున్నాడు. ఆయన పద్యాలు చదివారు. ఐదుగురు సాక్షులను పిలిచారు. ఐదుగురూ ఒక్కసారిగా ఒప్పుకున్నారు. జనం గోవిందలు కొట్టారు. పరవశంలో ఆయన కళ్ళ వెంట నీళ్ళు కారాయి.

"ఒకటిని పిలిచాను," అన్నారు.

"ఐదుసార్లూ?"

"ఐదుసార్లూ."

ఒకటిని ఎన్ని కోట్ల మార్లు తనతో హెచ్చవేసినా ఒకటే. దేనితో భాగించినా శేషం ఒకటే. ఏ సంఖ్యను తెచ్చి ముందు పెట్టినా, విరిగేదైనా విరగనిదైనా, ఒకటి తల ఊపుతుంది. ఎన్నడూ కాదనలేనివాడు సాక్షి ఎట్లా అవుతాడు? తక్కిన పిల్లలకు ఎవరికైనా ఆదివారమో అశ్వినో తగిలి ఒక సాక్షి ఒకటైనా, మిగిలిన నలుగురు నిజం చెప్పారు. ఈ ఒక్క బిడ్డకు ఐదుగురూ తల ఊపేవాళ్ళే దొరికారు. ఆ ఊపుడును ఆయన దైవనిర్ణయం అనుకున్నారు. ముప్పై ఏళ్ళుగా ఊరూరా చెప్పుకున్నారు.

"ఏటైంది బాబూ?" అంది పైడితల్లి.

ఆయన దాచలేదు. చాప మీదినుంచి లేచి, ఆమె ఎదుట నేల మీద కూర్చున్నారు. "తప్పు నాది తల్లీ. నీ సంఖ్యను నేను పరీక్షించనే లేదు. పరీక్షించాననుకున్నాను."

ఆమెకు అంతా అర్థమైందో లేదో గాని, ఆ వయసు మనిషి నేల మీద కూర్చోవడం చూసి కంగారుపడింది. "లెగండి బాబూ, లెగండి. అలాటి మాటలొద్దు. కొత్త పద్యాలు సెప్పీండి, సదివేస్తాను. సాయంత్రానికి బట్టీ పట్టెత్తాను. బడిలో నాకు పేరుండేది."

వకుళ తల అడ్డంగా ఆడించింది. "కొత్త సంఖ్య ఇస్తే కొత్త మనిషివి అక్కా. ఇవాళ పుట్టినట్టు. సంపెంగి పుట్టుక నమోదులో తల్లి అన్నచోట ఉన్నది పాత సంఖ్య. కొత్త మనిషికి ఆ పిల్లతో ఏ బంధమూ ఉండదు. సంఖ్యాపీఠానికి అర్జీ పెడితే జవాబుకు నలభై రోజులు."

"పిల్లకి రేపేనమ్మా," అంది పైడితల్లి.

ఆ మధ్యాహ్నమే ఆచార్యులుగారు ఆమెను వెంటబెట్టుకుని ఆసుపత్రికి వెళ్ళారు. ప్రతి తలుపు దగ్గరా ఆయన పద్యం చదివి పట్టుకుంటే, ఆమె వెనకాలే ఒదిగి దాటింది.

అంగీకారాధికారి దామోదరం మంచి మనిషి. ఆచార్యులుగారిని చూడగానే లేచి కుర్చీ జరిపాడు. "రండి రండి. మా వాడి పద్యాలు తమరు చెప్పినవే. అన్నం ముందు కూర్చుని కూడా అవే చదువుతాడు. 'ఒరే, కంచం తలుపు కాదురా' అంటుంది వాళ్ళమ్మ." అంటూనే వెనకనున్న పైడితల్లిని చూసి నవ్వు ఆపేశాడు.

ఆచార్యులుగారు ఉన్నదున్నట్టు చెప్పారు. దామోదరం రెండు చేతులతో నుదురు రుద్దుకున్నాడు.

"ఆవిడ తల్లి అని నాకు తెలుసండీ. నర్సులందరికీ తెలుసు. కత్తి పట్టే యంత్రానికి తెలియాలి కదా! భాజ్యం అని తేలాక అది సభ్యులను అడుగుతుంది."

"లేని సభ్యులను ఎక్కడినుంచి తెచ్చేది?"

"ఆ సంఖ్యను విరిచి, ఆ ముక్కలు ఎవరివీ కావని చూపిస్తే వినవచ్చు. విరవడానికి మా పెద్దయంత్రానికి ఎంతకాలం పడుతుందని నిన్ననే అడిగాను. నూట ముప్పై ఏళ్ళట."

పైడితల్లి ముందుకు వచ్చింది. "ముక్కలున్నాయంతారు. ముక్కలేటో సెప్పలేమంతారు. ఇదేటి లెక్క బాబూ?"

దామోదరం ఆచార్యులుగారి వంక చూశాడు. ఆయనే సమాధానం చెప్పవలసి వచ్చింది. "అదే ఈ లెక్కలోని వింత తల్లీ. విరుగుతుందని ఒక్క సాక్షి చాలు తేల్చడానికి. ఎక్కడ విరుగుతుందో చెప్పడం ఆ సాక్షికి చేతకాదు."

 చివరకు దామోదరమే, తలుపు మూసి ఉందో లేదో చూసుకుని, గొంతు తగ్గించాడు. "ఒక దారి ఉంది. చెప్పడానికి నాకు నోరు రావడంలేదు. దిక్కులేని పిల్లలకు వాళ్ళ సంఖ్యాదాత సంరక్షకుడు అవుతాడని నియమం. సంపెంగికి పద్యాలు ఇచ్చింది తమరే కదా?"

"నేనే. ఐదుగురు మంచి సాక్షులతో."

"ఆ పిల్లకు తల్లి లేదని తేలితే, తమరు అంగీకారం ఇవ్వవచ్చు. చనిపోయిందంటే ఒప్పుకోదు, శవాన్ని చూపించమంటుంది. 'ఈ సంఖ్యతో మనిషి ఎన్నడూ లేదు, నేను ఇచ్చింది మనిషి సంఖ్య కాదు' అని సంఖ్యాదాత తన నోటితో, తన నాలుగు పద్యాలూ చదివి చెప్పాలి. ఒకసారి చెబితే వెనక్కు తీసుకోవడం లేదు."

 ఏనాడూ ఆచార్యులుగారి పెదవి మీద అబద్ధం నిలవలేదు. తండ్రి పోయిననాడు తల్లికి ధైర్యం చెప్పడానికి కూడా 'ఆయన లేస్తాడు' అనలేకపోయిన మనిషి. ఇప్పుడు ఆడవలసిన మాట లెక్క ప్రకారం నిజం. తన ఎదుట ఊపిరి పీలుస్తూ, కొంగు వేలికి చుట్టుకుంటూ నిలబడిన ఈ మనిషి ఎన్నడూ లేదనడం ఏ లెక్క ప్రకారం నిజమో, ఆ లెక్కను ఇంటింటికీ పంచిపెట్టింది తాను.

"అమ్మా," అని మాత్రం అనగలిగారు.

"సెప్పండి బాబూ," అంది పైడితల్లి. "నాను లేనని సెప్పీండి. పిల్ల ఉంటే సాలు."

"తరువాత ఏమవుతుందో తెలుసా?"

"తరవాత సంగతి తరవాత. మా ఆయన కడలిలోకి ఎల్తా ఎల్తా ఇదే మాటన్నాడు. ఆయన తిరిగొచ్చేడా, మానేడా! పిల్లయితే ఉంది గదా ఇయాల్టికి."

ఆచార్యులుగారు అంగీకార యంత్రం ముందు నిలబడి తన నాలుగు పద్యాలూ చదివారు. ఎన్నడూ తడబడని నాలుక రెండో పద్యంలో ఒకచోట ఆగింది, మళ్ళీ మొదటినుంచి చదవవలసి వచ్చింది. తరువాత ఆ మాట చెప్పారు. యంత్రం మృదువుగా, "ఆక్షేపణ ఉన్నవారు పలకవచ్చు," అన్నది. పైడితల్లి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఆమె పలికినా అది ఆమెను విని ఉండేది కాదు. అయినా ఆమె పలకకుండా ఉండడానికి పడిన కష్టం ఆ గదిలో ఇద్దరు మనుషులు చూశారు.

"నమోదు అయినది," అన్నది యంత్రం.

మరునాడు తొమ్మిదికి శస్త్రచికిత్స మొదలైంది. మధ్యాహ్నం రెండింటికి వైద్యురాలు బయటికి వచ్చి, పిల్ల గుండె నిండుగా కొట్టుకుంటోందని ఆచార్యులుగారికి చెప్పింది. నియమం ప్రకారం సంరక్షకుడికే చెప్పాలి. పైడితల్లి అక్కడే గోడ పక్కన నిలబడి, ఇంకొకరికి చెబుతున్న మాటను విని, గోడకు ఆనుకుని మెల్లగా కిందికి కూర్చుండిపోయింది.

ఆచార్యులుగారు అదే సాయంత్రం సంఖ్యాపీఠానికి తన తప్పు రాసి పంపారు. ఆ పైన రెండు రోజులు నిద్రాహారాలు పట్టించుకోకుండా పైడితల్లికి కొత్త పద్యాలు అల్లారు. ఐదువందల నలభై మార్పులు. వకుళ నలభైమంది సాక్షులను పిలిచింది. రెండుకు తక్కువ సంఖ్యను ఒక్కదాన్నీ దగ్గరికి రానివ్వలేదు. కొత్త సంఖ్య నిలిచింది. ఏ యంత్రమూ విరవలేని అచ్చమైన అభాజ్యం.

దాన్ని పట్టుకుని ముగ్గురూ దామోదరం దగ్గరికి వెళ్ళారు. అతడు పలక మీద చూసి, ఆ పలకను వాళ్ళవైపు తిప్పకుండా పక్కకు పెట్టాడు.

"మనిషిగా నమోదు అయిందండీ. వయసు సున్నా రోజులు."

"పిల్లను దత్తత ఇస్తాను. సంరక్షకుణ్ణి నేనే కదా, నా అంగీకారం చాలు కదా!" అన్నారు ఆచార్యులుగారు.

"దత్తత తీసుకునే తల్లి బిడ్డకంటే ఇరవై ఒక్క ఏళ్ళు పెద్దదై ఉండాలి." దామోదరం తల వంచుకున్నాడు. "నమోదు ప్రకారం సంపెంగే ఈవిడకంటే ఆరేళ్ళు పెద్ద."

వకుళ చివాలున లేచింది. "నవ్వులాటగా ఉందా మీకు? కళ్ళు లేవా ఆ యంత్రానికి?"

"ఉన్నాయమ్మా. అంకెలు చూడడానికి ఉన్నాయి."

నలభై రోజులన్న పీఠం వింతగా ఐదోనాడే జవాబు పంపింది. ఆచార్యులుగారి నిజాయితీని మెచ్చుకుంది. ఇకముందు ఒకటిని సాక్షిగా పిలవరాదని దేశమంతటికీ ఆజ్ఞ ఇచ్చింది. జరిగిపోయినవాటికి ఈ సవరణ వర్తించదని చివరి పంక్తిలో రాసింది.

దామోదరం చేయగలిగినది ఒకటే చేశాడు. సంరక్షకుడు వృద్ధుడు కనుక వెంట ఒక సహాయకురాలు రావచ్చునని చీటీ రాశాడు. అలా పైడితల్లి తన కూతురున్న గదిలోకి రోజూ ఒక గంట, ఆచార్యులుగారి చేతికర్ర మోసే మనిషిగా వెళ్ళడం మొదలుపెట్టింది.

మొదటిరోజు తలుపు తెరుచుకోగానే పిల్ల, "అమ్మా!" అని అరిచింది.

మంచం తలవైపున ఉన్న శుశ్రూషిణి పలికింది. రోగులను కనిపెట్టి ఉండే యంత్రం అది. పిల్లల గదుల్లో దానికి చిలక గొంతులాంటి ముద్దుగొంతు పెట్టారు. "సంపెంగీ, చిన్న దిద్దుబాటు. వచ్చినవారు నీ సంరక్షకులు, వారి సహాయకురాలు. నీకు తల్లి లేదు."

"మా అమ్మే ఇది!"

"దిద్దుబాటు. నీకు తల్లి ఎన్నడూ లేదు. నీ గుండె వేగం పెరుగుతోంది. గందరగోళం కలిగించేవారిని మూడు దిద్దుబాట్ల తరువాత బయటికి పంపవలసి ఉంటుంది."

పిల్ల ఏడ్చి, "అమ్మా, అమ్మా," అంది. పైడితల్లిని బయటికి పంపేశారు. రెండోరోజూ అంతే జరిగింది. మూడోరోజు పిల్ల ఒకసారే పిలిచి, యంత్రం వైపు చూసి ఊరుకుంది. ఆ రోజు పైడితల్లి గంటసేపూ ఉండగలిగింది. నాలుగోరోజు సంపెంగి అసలు పిలవలేదు. ఆచార్యులుగారు అది చూశారు. బిడ్డ మరిచిపోతోందా అని భయపడ్డారు. ఆ సాయంత్రం ఆయన సంధ్యవార్చడానికి కూర్చుని, గాయత్రి లెక్క తప్పి, మళ్ళీ మళ్ళీ ఒకటి దగ్గరే ఆగిపోయారు.

ఆరోరోజు ఉదయం ఎండ గదిలోకి ఏటవాలుగా పడుతోంది. తలుపు తీసి ఇద్దరూ లోపల అడుగుపెట్టగానే సంపెంగి దిండుకు ఆనుకుని కూర్చుని, బడిలో పాఠం అప్పజెప్పినట్టు రెండు చేతులూ జోడించింది.

"సహాయకురాలుగారూ, నమస్కారం."

"చాలా బాగుంది సంపెంగీ," అన్నది శుశ్రూషిణి.

పైడితల్లి అడుగు తడబడింది.  చేతికర్రను మంచానికి ఆనించి, దువ్వెన తీసి, కూతురి వెనుక కూర్చుని చిక్కులు విడదీయసాగింది. పిల్ల కాసేపు బుద్ధిగా కూర్చుంది. యంత్రం ఆచార్యులుగారికి ఆనాటి మందుల జాబితా చదివి వినిపించడం మొదలుపెట్టింది. అప్పుడు సంపెంగి మెల్లగా వెనక్కు తిరిగింది. తల్లి మెడ చుట్టూ చేతులు వేసి, చెవిలో నోరు పెట్టింది.

ఆచార్యులుగారి చెవులు ముసలివి. ఆ మాట ఆయనకు వినిపించలేదు. పెదవులు మాత్రం కనిపించాయి. మొదట తెరుచుకుని, ఆపై గట్టిగా కలుసుకుని, మళ్ళీ తెరుచుకున్నాయి. ఒకసారి, రెండుసార్లు, లెక్కలేనన్నిసార్లు. మధ్యమధ్య పిల్ల ఆగి, ఓరగా యంత్రం వంక చూసి, అది మందుల పేర్లలో మునిగి ఉందని రూఢి చేసుకుని, మళ్ళీ చెవిలోకి వంగుతోంది. పైడితల్లి దువ్వెన పట్టుకున్న చెయ్యి గాలిలోనే ఆగిపోయింది. ఆమె ముఖం గోడవైపు ఉంది.

ఆయన చూస్తున్నారని పిల్లకు తెలిసింది. బెదిరిపోయింది. వేలు పెదవుల మీద పెట్టుకుని, ఊపిరంత సన్నటి గొంతుతో, "తాతా, మీరు కూడా సెప్పీకండేం. అది ఇంటే పంపించేత్తది," అంది.

ఆరేళ్ళకే కన్నతల్లిని దొంగతనంగా పిలవడం నేర్చుకున్న ఆ బిడ్డ ముఖంలోకి, యాభై ఏళ్ళు లోకానికి పద్యాలు పంచిన ఆ వృద్ధుడు చాలాసేపు చూశారు.

"చెప్పనమ్మా," అన్నారు.

"సంరక్షకులు ఏదో పలికారు. వినబడలేదు, మళ్ళీ చెప్పండి," అన్నది శుశ్రూషిణి.

ఆయన తల వంచుకుని, ఏమీ లేదన్నట్టు చెయ్యి ఊపారు.

ఈ కథ విన్నవారికీ, చదివి వినిపించినవారికీ, వినిపిస్తుండగా ఒడిలో నిద్రపోయిన పసివారికీ ఆ లక్ష్మీనృసింహుడు తోడుండుగాక. వారి తల్లులు నిండునూరేళ్ళు వారి పిలుపుకు పలుకుదురుగాక. ఏ బిడ్డకూ 'అమ్మా' అన్న మాటను గొంతు దించి పలకవలసిన గతి ఎన్నటికీ కలుగకుండుగాక.